గుర్రపు లద్దె కూరగాయల మడికి: ఎన్నాళ్లు మాగించాలి, సెంటుకి ఎంత వేయాలి?

1. మేడ్చల్_మడి
ఇంటి వెనక నాలుగు సెంట్ల ఎర్ర చల్కా నేల ఉంది. బెండ, వంగ, టమాటా, బీర, కొంచెం ఆకుకూరలు వేస్తాం. మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం 0.38 శాతం, పీహెచ్ 7.4 వచ్చాయి, ఉప్పు మామూలే. దగ్గర్లో గుర్రపు స్వారీ నేర్పే చోట ఎరువు ఊరికే ఇస్తామంటున్నారు, బండి కిరాయి మనదే. ఇప్పుడు మాఘమాసం కదా, మృగశిర కార్తె నాటికి మడిలో వేసుకునేలా తయారవుతుందా? గుర్రం పేడకి, ఆవు పేడకి పనిలో తేడా ఏమిటి? సెంటుకి ఎంత పోయాలి? లెక్కలతో చెప్పగలరు.

2. రేగడి_రైతు (గుంటూరు)
పేడ అనకండి, లద్దె అనండి :) ఆవుది పేడ, గుర్రానిది, ఏనుగుది లద్దె, మేకది పెంటిక. పాతవాళ్లు ఊరికే ఇన్ని పేర్లు పెట్టలేదు, దేని గుణం దానిదే.

గుర్రం నెమరు వేయదు. మేత పెద్దపేగులో పులుస్తుంది, పీచు సగమే అరుగుతుంది. అందుకే లద్దె ఉండలుగా, పొడిపొడిగా, గాలి ఆడేలా ఉంటుంది. ఆవు పేడ ముద్దలా అతుక్కుని చల్లగా పడి ఉంటే, లద్దె కుప్ప రెండు మూడు రోజుల్లోనే 55 నుంచి 65 డిగ్రీలకి కాగుతుంది. సరిగ్గా వాడుకుంటే ఆ వేడే మీకు లాభం. పచ్చిగా మొక్క మొదట్లో పోస్తే అదే వేర్లని కాలుస్తుంది.

బలంలో మరీ పెద్ద తేడా లేదు. పచ్చి లద్దెలో నత్రజని సుమారు 0.5–0.7 శాతం, భాస్వరం 0.2–0.3, పొటాష్ 0.4–0.6 ఉంటాయి. పచ్చి ఆవు పేడ కంటే కాస్త ఎక్కువ, కోళ్ల ఎరువు కంటే చాలా తక్కువ. "గుర్రపు ఎరువు రెండింతలు బలం" అని అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

3. ఊక_తౌడు (కరీంనగర్)
అన్నా, బలం సంగతి తర్వాత. మీకు వచ్చేది ఉత్త లద్దె కాదు, గుర్రం కింద పరిచినదాంతో కలిసి వస్తది. అసలు కథ గా పరుపుదే. పొయ్యి మూడు అడుగుండ్రి:

ఒకటి, కింద ఏం పరుస్తున్నరు? వరిగడ్డా, ఊకనా, రంపపు పొట్టా?
రెండు, నట్టల మందు (కడుపుల పురుగులు పోయేటిది) ఎప్పుడు తాపిచ్చిన్రు?
మూడు, మేత ఎక్కడిది? సొంతంగ పెంచిన గడ్డా, బయట కొన్నదా, రోడ్డు పక్క కోసిందా?

వరిగడ్డి అయితే కళ్లు మూసుకుని తెచ్చుకోండ్రి, మూడు నెలల్ల మాగుతది. ఊక అయితే ఎరువు తయారైనా ఊక ఊకలెక్కనే కనవడతది. దాంట్ల ఇసుక గుణం ఎక్కువ, తొందరగ చివకదు. నష్టమేం లేదు, నేల గుల్లగ అయితది. కష్టమంతా రంపపు పొట్టుతోనే. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన పొడి అయితే అస్సలు వద్దు, దాంట్ల జిగురు ఉంటది.

4. మేడ్చల్_మడి
అడిగాను. సగం దాకా రంపపు పొట్టేనట, టేకు, వేప కోసే సామిల్లు నుంచి వస్తుంది. మేత లూసర్న్, ఓట్ గడ్డి, పైగా దాణా. నట్టల మందు సరిగ్గా వారం కిందట తాగించారు. ఇక వదిలేయాలా?

5. పీపా_లెక్కలు (విశాఖ)
వదిలేయక్కర్లేదు, లెక్క వేసుకుని వాడాలి.

కుప్ప బాగా కాగాలంటే కర్బనం, నత్రజని 25–35 పాళ్లకి ఒకటిగా ఉండాలి. ఉత్త లద్దె దాదాపు అక్కడే ఉంటుంది. రంపపు పొట్టులో నాలుగు వందల పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని. రెండూ కలిస్తే నిష్పత్తి యాభై దాటుతుంది. అలాంటిది సగం మాగగానే మడిలో వేస్తే, మిగిలిన పొట్టుని చివికించడానికి సూక్ష్మజీవులు మీ నేలలోని నత్రజనినే లాక్కుంటాయి. మొక్కలు అడుగు ఆకుల నుంచి పసుపు తిరుగుతాయి. "ఎరువు వేశాక మొక్క ఇంకా పాడైంది" అనే ఫిర్యాదుల్లో సగం దీని వల్లే.

మీ సరుకుకి సరిపడే లెక్క: 500 కిలోల తడి కుప్పలో 60 శాతం నీరు అనుకుంటే పొడి పదార్థం 200 కిలోలు. అందులో కర్బనం 90 కిలోలు. నిష్పత్తి 50 అయితే నత్రజని 1.8 కిలోలు ఉన్నట్టు. దాన్ని 30కి దింపాలంటే 3 కిలోలు కావాలి. లోటు 1.2 కిలోలు. అంటే యూరియా రెండున్నర కిలోలు. యూరియా ఇష్టం లేకపోతే ఎండిన కోళ్ల ఎరువు 40 కిలోలు. యూరియాని నీళ్లలో కరిగించి, కుప్ప వేసేటప్పుడు పొర పొరకీ చల్లాలి. ఒకేసారి పైన పోస్తే అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోతుంది.

గిరిపుష్పం చెట్లు దగ్గర్లో ఉంటే పచ్చి రొట్ట కోసి కలపండి, అంతకన్నా మంచిది లేదు. కొలత తూకం వేసి చెప్పడం కష్టం. పొట్టు ఎక్కువ ఉన్న ప్రతి మూడు తట్టలకి ఒక తట్ట రొట్ట చొప్పున వేసుకోండి.

6. రేగడి_రైతు (గుంటూరు)
నట్టల మందు మాట నేను చెబుతా. సాధారణంగా వాడేది ఐవర్‌మెక్టిన్. అది గుర్రం ఒంట్లో నిలవదు, మొదటి కొద్ది రోజుల్లో ఎక్కువ భాగం లద్దెలోనే బయటకొస్తుంది. పేడ పురుగులకి, ఈగ పిల్లలకి అది విషం. మందు తాగించాక రెండు వారాలపాటు పడిన లద్దె మీ కుప్పలో కలపకండి, వానపాముల తొట్టిలో అసలే వద్దు. రెండు వారాలు దాటాక తెచ్చింది పోగేసి కాగించండి.

ఇంకో మాట. లద్దె ముట్టుకునేటప్పుడు రబ్బరు తొడుగులు తప్పవు. ధనుర్వాతం క్రిమి బీజాలు గుర్రపు లద్దెలో, లద్దె పడిన మట్టిలో సహజంగానే ఉంటాయి. చేతికి చిన్న గాటు ఉన్నా ప్రమాదమే. టీకా వేయించుకుని పదేళ్లు దాటితే కుప్ప పని మొదలుపెట్టేలోపే మళ్లీ వేయించుకోండి.

7. పీపా_లెక్కలు (విశాఖ)
ఇప్పుడు కుప్ప వేసే విధానం. ఇక్కడ తొందరపడితే తర్వాత మొత్తం దండగ.

మూడున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు. అంతకన్నా చిన్నదైతే పక్కల నుంచి వేడి పోతుంది. మరీ పెద్దదైతే, ఐదడుగుల ఎత్తు దాటితే, కింద నలిగి గాలి ఆడక కుళ్లిన కంపు కొడుతుంది. మూడున్నర అడుగుల కుప్పకి, ఖాళీ యూరియా సంచుల్లో లద్దె వదులుగా నింపితే, 20–25 బస్తాలు పడతాయి, సుమారు 500–600 కిలోలు. ఒక గుర్రం రోజుకి 15–20 కిలోల లద్దె వేస్తుంది, పరుపుతో కలిపితే ఒక గుర్రానిది నెల రోజుల సరుకు.

తడి: పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువ, చేయి తెరవగానే రాలిపోతే తక్కువ. రంపపు పొట్టు పైకి తడిగా కనిపిస్తుంది, లోపల పొడిగా ఉంటుంది. అందుకని బస్తాలు దింపిన రోజే నీళ్లు చల్లి, ఒక రాత్రి నాననిచ్చి మర్నాడు కుప్ప వేయండి.

వేడి చూడటానికి థర్మామీటర్ లేకపోతే ఇనుప చువ్వ చాలు. కుప్ప మధ్యలోకి గుచ్చి పది నిమిషాలు ఉంచి లాగండి. కొన పట్టుకుని ఒకటి రెండు సెకన్లు కూడా నిలవలేకపోతే 55 దాటినట్టే. హాయిగా పట్టుకోగలిగితే ఇంకా కాగలేదు.

అమెరికా సేంద్రియ సేద్యం నియమాల్లో తిరగేసే కుప్పలకి ఒక కొలత ఉంది: 55 నుంచి 77 డిగ్రీల మధ్య 15 రోజులు, ఆ రోజుల్లో కనీసం ఐదుసార్లు తిరగేయాలి. మనకీ అదే మంచి గురి. మూడు రోజులకి ఒకసారి తిరగేస్తే సరిపోతుంది. తిరగేయడం అంటే పైపైన కలబెట్టడం కాదు, అంచుల్లో ఉన్నది మధ్యకి, మధ్యది అంచులకి రావాలి. గడ్డి విత్తనాలు, క్రిములు చచ్చేది మధ్యలోనే. అంచుల్లో 40 డిగ్రీలు కూడా ఉండదు.

ఆ తర్వాత తిరగేయకుండా నెలన్నర నుంచి రెండు నెలలు చల్లబడనివ్వాలి. వరిగడ్డి పరుపుకి మొత్తం మూడు నెలలు. మీ రంపపు పొట్టుకి ఐదారు నెలలు అనుకోండి. అంటే మృగశిరకి అందదు, రబీ మడికి అందుతుంది.

8. మేడ్చల్_మడి
అయితే తొలకరికి ఏం చేయాలి? సగం మాగినది పైన పరిస్తే సరిపోతుందా?

9. ఎండు_ఆకు (రాజమండ్రి)
ఆచ్ఛాదనగా పరచండి, మట్టిలో కలపకండి. నత్రజని లాక్కోవడం జరిగేది పొట్టు మట్టితో కలిసిన చోటే. పైన రెండంగుళాల మందాన, మొక్క మొదలుకి నాలుగంగుళాలు దూరంగా పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. కాకపోతే ఆ కుప్ప 15 రోజులు 55లో కాగి ఉండాలి. కాగని లద్దె పరిస్తే గడ్డి మీరే విత్తినట్టు. ఆకుకూరల మడిలో మాత్రం వద్దు, తోటకూర, పాలకూర ఆకులు నేలకి ఆనుకుని ఉంటాయి.

పచ్చి లద్దెకి అదే అమెరికా నియమాల్లో గడువు ఉంది: మట్టిని తాకే పంటయితే కోతకి 120 రోజుల ముందే నేలలో కలిపేయాలి, మట్టిని తాకని పంటయితే 90 రోజులు. పాలకూర నెలకే కోతకొస్తుంది. లెక్క మీరే చూసుకోండి.

10. గోతి_పద్ధతి (నెల్లూరు)
ఇంత తతంగం దేనికి? మడి ఖాళీగా ఉన్నప్పుడు అడుగున్నర గోతి తీసి, పచ్చి లద్దె అడుగు లోతున వేసి, మట్టి కప్పి, నీళ్లు పెట్టి మూడు నెలలు వదిలేస్తే చాలు కదా. పాదుల కింద ఎప్పుడూ చేసే పనే. బీర, సొర, గుమ్మడి పాదులకి దీన్ని మించింది లేదు.

11. పీపా_లెక్కలు (విశాఖ)
పాదులకి ఒప్పుకుంటా, సొర, గుమ్మడి బాగా తింటాయి. కానీ మూడు షరతులు. ఒకటి, రంపపు పొట్టు ఉన్న లద్దెకి ఇది పనికిరాదు. గోతిలో గాలి లేక పొట్టు ఏడాదైనా అలాగే ఉంటుంది. రెండు, గోతిలో వేడి నిలవదు కాబట్టి కలుపు గింజలు చావవు. లోతున ఉన్నంత కాలం మొలవవు, మళ్లీ తవ్విన రోజున పైకొచ్చి మొలుస్తాయి. మూడు, నల్లరేగడిలో వానాకాలం ఆ గోయి తొట్టిలా నిండి కింద కుళ్లుతుంది. మీ నెల్లూరు ఇసుక నేలల్లో నడుస్తుంది, గుంటూరు రేగడిలో నడవదు.

ముల్లంగి, క్యారెట్ వేసే మడిలో ఈ పద్ధతి అస్సలు వద్దు. పచ్చి ఎరువు తగిలితే దుంపలు చీలి కాళ్లు వస్తాయి.

12. ఊక_తౌడు (కరీంనగర్)
కలుపు మాట మస్తు ముఖ్యం. ఆవు కడుపుల నెమరు దగ్గర శానా గింజలు నలిగిపోతయి, గుర్రం కడుపుల నుంచి ఎక్కువ బతికి వస్తయి. ఉలవలు, ఓట్లు అయితే అట్లనే మొలుస్తయి, గవి పీకేసుడు అల్కగనే అయితది. గునుగు, వయ్యారిభామ, పిచ్చి తోటకూర వస్తెనే తిప్పలు. రోడ్డు పక్క కోసిన గడ్డి మేపుతున్నరంటే తుంగ, గరిక ముక్కలు గూడ కుప్పల పడతయి. తుంగ గడ్డ ఒక్కటి పడ్డా ఏడాది బాధ.

ఎరువు తయారైనంక ఒక పళ్లెంల పోసి, పది రోజులు తడి ఆరకుండ చూడుండ్రి. మొలకలు వస్తె ఇంకోసారి కాగవెట్టాలె.

13. లెస్టర్_తోట (ఇంగ్లండ్)
విదేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం. ఇక్కడ అసలు భయం కలుపు కాదు, కలుపు మందు. గడ్డి భూముల్లో అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటివి కొడతారు. గడ్డికి ఏమీ కాదు, గుర్రం తిన్నా ఏమీ కాదు, లద్దెలోంచి అలాగే బయటికొస్తుంది, కాగినా తొందరగా విరగదు. 2008లో ఇక్కడ చాలా తోటల్లో టమాటా, చిక్కుడు ముడుచుకుపోయి గోల జరిగితే అమినోపైరాలిడ్ అమ్మకం కొంతకాలం ఆపేశారు. అంతకుముందే అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో క్లోపైరాలిడ్ కంపోస్టులోకి వచ్చి ఇలాంటి గొడవే అయింది.

పరీక్ష సులువు. ఎరువు ఒక పాలు, కొన్న కుండీ మట్టి ఒక పాలు కలిపి మూడు కుండీలు నింపండి. ఉత్త కుండీ మట్టితో ఇంకో మూడు. ఒక్కో దాంట్లో నాలుగు చిక్కుడు లేదా బఠాణీ గింజలు. రెండు రకాల కుండీల కింద నీళ్ల పళ్లేలు విడివిడిగా పెట్టండి. మూడు వారాల్లో ఎరువు కుండీల్లో మాత్రమే కొత్త ఆకులు గిన్నెలా ముడుచుకున్నా, సన్నగా చీలికలు వచ్చినా ఆ ఎరువు కూరగాయలకి వద్దు. పచ్చిక మీద, లేదా మొక్కజొన్నకి వాడుకోవచ్చు, గడ్డి జాతికి హాని లేదు.

14. మిరప_మిత్ర (ఖమ్మం)
ఇది చదివి మనవాళ్లు మిరపలో ప్రతి ముడతకీ ఎరువుని తిట్టకండి. మన దగ్గర మిరప ముడతకి మొదటి కారణాలు తామర పురుగు, తెల్లనల్లి, తెల్లదోమ తెచ్చే వైరస్. తేడా ఇలా పట్టండి. తామర పురుగు అయితే ఆకు అంచులు పైకి దోనెలా లేస్తాయి. నల్లి అయితే కిందికి తిరగేసిన పడవలా అవుతుంది. వైరస్ అక్కడొక మొక్కకి, ఇక్కడొక మొక్కకి వచ్చి పాకుతుంది. మందు అవశేషం అయితే ఎరువు పడిన ప్రతి చోటా ఒకేసారి కనిపిస్తుంది, టమాటా, చిక్కుడు, వంగ మూడూ కలిసి ముడుచుకుంటాయి, పక్కనున్న మొక్కజొన్న పచ్చగానే ఉంటుంది.

15. మిద్దె_మల్లి (హైదరాబాద్)
మిద్దె మీద 200 లీటర్ల డ్రమ్ములో కుప్ప వేయొచ్చా? కింద స్థలం లేదు.

16. పీపా_లెక్కలు (విశాఖ)
డ్రమ్ములో మాగుతుందండీ, కాగదు. 200 లీటర్ల సరుకు తన వేడిని నిలబెట్టుకోలేదు. ఆరేడు నెలలకి నల్లగా అవుతుంది, కలుపు గింజలు మాత్రం బతికే ఉంటాయి.

మిద్దె మీద మూడున్నర అడుగుల కుప్ప ఆలోచనే వద్దు. మనుషులు తిరిగే మిద్దెకి భారతీయ ప్రమాణాల్లో లెక్కవేసే బరువు చదరపు మీటరుకి 150 కిలోలు. ఆ కుప్ప సుమారు ఒక చదరపు మీటరు మీద ఐదారు వందల కిలోలు మోపుతుంది. పైగా కారే కషాయం స్లాబు మీద మరకలు, చెమ్మ. కింద ఎవరి ఖాళీ జాగాలోనైనా మాగించి, తయారైనది బస్తాల్లో పైకి తెచ్చుకోండి.

కుండీ మిశ్రమానికి: ఎర్రమట్టి నాలుగు పాళ్లు, మాగిన లద్దె మూడు, కొబ్బరి పొట్టు రెండు, వేపపిండి అర పాలు. లద్దె మూడుకి మించనివ్వకండి. గుర్రం మూత్రం పరుపులోనే ఇంకుతుంది కాబట్టి ఉప్పు ఎక్కువ. దానికి తోడు బోరు నీళ్లు. కుండీ అంచున తెల్లటి పూత, ఆకు అంచులు గోధుమ రంగులో ఎండడం కనిపిస్తే ఉప్పు పేరుకున్నట్టు. కుండీ పరిమాణానికి రెండింతల మంచి నీళ్లు నెమ్మదిగా పోసి కిందికి కారనివ్వాలి. ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) కొలిచే అవకాశం ఉంటే, మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో కంపోస్టుకి పెట్టిన హద్దు 4 డీఎస్/మీ.

17. వానపాము_బాబాయ్
వానపాములకి లద్దె అంటే ప్రాణం, ఎర్ర వానపాములు (ఐసీనియా ఫెటిడా) ఆవు పేడ కన్నా వేగంగా తింటాయి. కానీ పచ్చి లద్దెలో వదిలితే మర్నాటికే తొట్టి గోడలెక్కి పారిపోతాయి, లేదా ఉడికి చస్తాయి. రెండు మూడు వారాలు కాగి, చువ్వ చల్లగా బయటికొచ్చాకే వదలాలి. తొట్టిలో ఒకటిన్నర అడుగు మించి ఎత్తు వేయకండి, మళ్లీ కాగుతుంది. ఎండాకాలం పైన తడి గోనె పట్టా తప్పనిసరి. రంపపు పొట్టు ఎక్కువున్న లద్దె దీనికి పెట్టకండి, పాములు లద్దె ఉండలు తిని పొట్టు వదిలేస్తాయి.

18. కోనసీమ_కొబ్బరి
కొబ్బరి తోటల దగ్గర ఉన్నవాళ్లు వినండి. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఇలాంటి ఎరువు కుప్పల్లోనే. చల్లబడిన కుప్పని నెలల తరబడి కదపకుండా వదిలేస్తే, బొటనవేలంత లావు తెల్లటి పురుగులు, గోధుమ రంగు తల, వంకీ తిరిగి పడుకుని ఉంటాయి. అవే పెద్దవై మొవ్వుల్లో దూరతాయి. నెలకొకసారి కుప్ప తిరగేసి పురుగుల్ని ఏరి కోళ్లకి వేయండి, లేదా మెటారైజియం (పురుగుల్ని చంపే బూజు) పొడి తడి కుప్పలో కలపండి. సన్నపాటి వల కప్పితే పెద్ద పురుగు లోపలికి దిగదు.

ఈగలకి కూడా తిరగేతే మందు. వేడి కాలంలో ఈగ గుడ్డు నుంచి రెక్కల దాకా వారం పది రోజులే. మూడు రోజులకోసారి తిరగేస్తే పురుగు దశలోనే ఉడికిపోతుంది.

19. ప్రకృతి_బిడ్డ (కడప)
ఆవు పేడ దొరకడం లేదు. జీవామృతంలో పది కిలోల పేడకి బదులు లద్దె వేయొచ్చా?

20. ఎండు_ఆకు (రాజమండ్రి)
వేయకండి. ఆ పద్ధతి నెమరు వేసే పశువు పేడలోని జీవాల మీద నిలబడింది. అదీగాక బెల్లం, శనగపిండి కలిపిన తొట్టిలో పచ్చి లద్దె వేస్తే మీరు పెంచేది మంచివా చెడ్డవా ఎవరూ చెప్పలేరు, దాన్ని ఆకుకూరల మీద చల్లితే ఇక చెప్పనే అక్కర్లేదు. ద్రవ ఎరువే కావాలంటే బాగా మాగిన లద్దె ఎరువు ఒక కిలో గుడ్డలో మూటకట్టి పది లీటర్ల నీళ్లలో ఒక రోజు నానబెట్టి, మొదట్లో మాత్రమే పోయండి. ఆకుల మీద పిచికారీ వద్దు.

బూడిద, సున్నం కూడా కుప్పలో కలపకండి. కొందరు "వాసన పోతుంది" అని వేస్తారు. పోయేది వాసన కాదు, నత్రజని. క్షారం తగిలితే అమ్మోనియా ఇంకా వేగంగా ఎగిరిపోతుంది. వాసన తగ్గాలంటే పైన రెండంగుళాల మట్టి లేదా పాత ఎరువు కప్పండి.

21. మేడ్చల్_మడి
కుప్ప వేశాను. మందు గడువు దాటాక తెచ్చిన 24 బస్తాలు, కోళ్ల ఎరువు 40 కిలోలు. మూడో రోజుకి చువ్వ పట్టుకోలేనంత వేడి. రెండో తిరగేత తర్వాత వేడి పడిపోయింది, మళ్లీ లేవడం లేదు. తవ్వితే లోపల అక్కడక్కడ బూడిద చల్లినట్టు తెల్లటి పొడి. బూజా?

22. పీపా_లెక్కలు (విశాఖ)
బూజు కాదు. వేడిని ఇష్టపడే ఆక్టినోమైసీట్లు, ఒక రకం బ్యాక్టీరియా. అవి ఉండటం తప్పు కాదు, కానీ బూడిదలా పొడిపొడిగా కనిపిస్తే కుప్ప లోపల ఎండిపోయిందని అర్థం. ఫాల్గుణం ఎండకి ఒక్కో తిరగేతలో చాలా నీరు ఆవిరవుతుంది. కుప్ప మొత్తం విప్పి, పొర పొరకీ రోజ్ క్యాన్‌తో నీళ్లు చల్లుతూ మళ్లీ వేయండి. ఈ పరిమాణానికి 60–80 లీటర్లు పట్టొచ్చు, పిడికిలి పరీక్ష చూసుకుంటూ వెళ్లండి. పైన గొట్టంతో పోస్తే నీళ్లు ఒకే దారి చేసుకుని అడుగుకి జారిపోతాయి, మధ్య పొడిగానే ఉంటుంది. పైన గోనె పట్టాలు కప్పి, వాటిని తడుపుతూ ఉండండి. రెండు రోజుల్లో వేడి లేవాలి. వానలు మొదలైతే టార్పాలిన్, కానీ పక్కలు తెరిచే ఉంచాలి.

తడి సరిగ్గా ఉండి కూడా వేడి లేవకపోతే అప్పుడు నత్రజని లోటు. మరో కిలో యూరియా, లేదా 15 కిలోల కోళ్ల ఎరువు.

23. మేడ్చల్_మడి
డెబ్బై లీటర్లు పట్టింది, చువ్వ మళ్లీ కాలుతోంది. తయారైందని ఎలా తెలుస్తుంది? సెంటు లెక్క ఎవరూ చెప్పలేదు.

24. రేగడి_రైతు (గుంటూరు)
తయారైన ఎరువుకి అడవి మట్టి వాసన ఉంటుంది, లద్దె ఉండలు వేళ్ల మధ్య నలిగిపోతాయి. కుప్ప సగానికి కుంగుతుంది. గట్టి పరీక్ష: కొంచెం తీసి తడిపి ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా మూడు రోజులు కట్టిపెట్టండి. విప్పినప్పుడు ఘాటు గానీ, కుళ్లు గానీ కొడితే ఇంకా కాలేదు. ఇంకోటి, ఎరువు, మట్టి సగం సగం కలిపి 20 మెంతులు చల్లండి, మట్టిలో ఎన్ని మొలిచాయో అందులోనూ దాదాపు అన్నే రావాలి.

కూరగాయలకి మనం మామూలుగా చెప్పుకునేది ఎకరాకి 10 టన్నుల మాగిన ఎరువు. సెంటుకి 100 కిలోలు, చదరపు మీటరుకి రెండున్నర కిలోలు. మీ నాలుగు సెంట్లకి 400 కిలోలు. 24 బస్తాల కుప్ప మాగాక 250–300 కిలోలే మిగులుతుంది, ఇంకో కుప్ప వేసుకోవాలి. ఆఖరి దుక్కిలో ఆరంగుళాల లోతులోపు కలపండి, నాటడానికి రెండు వారాల ముందు.

దీనితోనే టమాటాకి సరిపోతుందనుకోకండి. 100 కిలోల్లో నత్రజని సుమారు 600 గ్రాములు, అందులో మొదటి పంటకి అందేది పాతిక శాతం, అంటే 150 గ్రాములు. టమాటా సెంటుకి 400–600 గ్రాములు అడుగుతుంది. సెంటుకి ఐదు కిలోల వేపపిండి వేస్తే ఇంకో 250 వస్తుంది. మిగతాది పూత సమయంలో పైపాటుగా.

మీ కర్బనం 0.38 అన్నారు. ఆరంగుళాల మట్టి చదరపు మీటరుకి సుమారు 210 కిలోలు. దాన్ని 0.1 శాతం పెంచాలంటే 210 గ్రాముల కర్బనం నిలవాలి. రెండున్నర కిలోల ఎరువులో కర్బనం 450 గ్రాముల దాకా ఉంటుంది గానీ మన ఎండలకి ఎక్కువ భాగం ఏడాదిలోనే ఆవిరి. 0.5 దాటడానికి ఏటా వేస్తూ నాలుగైదేళ్లు పడుతుంది. ఒకే ఏడు నాలుగింతలు వేస్తే కర్బనం పెరగదు, ఉప్పు పెరుగుతుంది, టమాటా ఆకులు మాత్రం ఏపుగా పెరిగి కాయ రాదు.

25. లెస్టర్_తోట (ఇంగ్లండ్)
చలి దేశాల వాళ్లకి ఆ వేడిని వాడుకునే దారి ఒకటి. ఫిబ్రవరి ఆఖర్లో రెండున్నర అడుగుల మందాన పచ్చి లద్దె, గడ్డి కలిపి చెక్క చట్రంలో తొక్కి, పైన ఆరేడు అంగుళాల మట్టి, దాని మీద గాజు తలుపు. మొదటి వారం 60 డిగ్రీలు ఉంటుంది, తొందరపడకండి. మట్టి 25కి దిగాక వంగ, మిరప విత్తుకోండి. ఆరు వారాల పైన వెచ్చగా ఉంటుంది. పారిస్ చుట్టుపక్కల కూరగాయల రైతులు బండి గుర్రాల కాలంలో చలికాలం కూరలు ఇలాగే పండించారు. హైదరాబాద్‌లో దీని అవసరం లేదు లెండి :)

26. మేడ్చల్_మడి
చల్లబడిన కుప్ప మీద ఈ ఉదయం సన్నటి కాడల పుట్టగొడుగులు లేచాయి, మధ్యాహ్నానికి నల్లటి సిరాలా కరిగిపోయాయి. కుప్ప చెడిందా?

27. వానపాము_బాబాయ్
చెడలేదు. అవి లద్దె మీద మామూలుగా వచ్చే సిరా పుట్టగొడుగులు, పీచుని అవే చివికిస్తున్నాయి. అలాగే వదిలేయండి, నాలుగు రోజుల్లో వాటంతట అవే పోతాయి. బటన్ పుట్టగొడుగులు కూడా లద్దె మీదే పెంచుతారు కదా అని వీటిని కూర మాత్రం వండకండి. సంచిలో కట్టే పరీక్ష ఇంకో మూడు వారాలకి చేయండి.